మూడో అర్రలో చప్పుడు

బిక్షం కాక కర్రతో కొట్టి చూడనిదే ఈ లోకంలో దేన్నీ నమ్మేవాడు కాదు. కొట్టి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. కొట్టాక తల ఒక పక్కకు వాల్చి, కళ్లు మూసుకుని వింటాడు. లోపల డొల్ల అనిపించిందా, ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లందర్నీ చిన్నా పెద్దా చూడకుండా బయటికి తరిమేస్తాడు.

ఇది బాయి నేర్పిన విద్య. గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అంటారు. ఆ బాయిలో కాక ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాడు, అందులో పద్దెనిమిదేళ్లు సర్దార్‌గా. షిఫ్టు మనుషులు పని మొదలుపెట్టే ముందు సర్దార్ కర్రతో పైకప్పును కొట్టి చూడాలి. ఠంగుమంటే గట్టి. బొదబొదమంటే లోపల పొర విడిచిందన్నమాట. అప్పుడిక ఒక్కటే మాట: "బయటికి నడువుండ్రి." అందరూ బయటికి పోవాలి, అక్కడ అడ్డంగా తాడు కట్టాలి, సరిచేశాకే మళ్లీ లోపలికి. రిటైరైన నాడు అందరూ శాలువా, గోడగడియారం పట్టుకుని ఇంటికి వస్తారు. కాక వాటితోపాటు కొసకు ఇనుప పొన్ను వేసిన వెదురు కర్రను, ఆ ఒక్క మాటను కూడా ఇంటికి తెచ్చుకున్నాడు.

పక్కింటి జైపాల్ ఈ టకటకల మధ్యనే పెరిగాడు. కాక పోయి రెండేళ్లు దాటింది. ఇప్పటికీ పొద్దున్నే ఎవరైనా గేటు తడితే, "గట్టిగనే ఉన్నది కాకా, పొయిరా" అని పడకలోంచే అనబోయి ఆగిపోతాడు.

అంగట్లో సారవ్వ దగ్గర పుచ్చకాయ కొనడానికి కాకకు ఒక పూట పట్టేది.

"పదిహేడు కాయలు కొట్టినవు కాకా. కొనవస్తివా, కూలగొట్టవస్తివా?"

"పద్దెనిమిదోది సరిగ మాట్లాడుతలేదు సారవ్వా."

"కాయ మాట్లాడదు. మాట్లాడితే ముందుగాల నిన్నే తిడుతది."

కాక ఆ పద్దెనిమిదో కాయను పక్కకు తీయించి, పంతొమ్మిదోది కొనేవాడు. ఏడాది తర్వాత కూడా సారవ్వకు గుర్తు చేసేవాడు. "నిరుడు కుడిపక్క రెండో వరుసల ఒక కాయ ఉండె చూడు, అది నాకు నచ్చలే."

ఒకసారి జ్వరమొచ్చి దవాఖానకు పోయాడు. కొత్తగా వచ్చిన డాక్టరు వీపు మీద వేళ్లు పెట్టి తట్టి చూశాడు. కాకకు ముఖం వెలిగిపోయింది. తనవాడొకడు దొరికినట్టనిపించింది. "అయ్యిందా సారు? ఇగ నువ్వు తిరుగు" అన్నాడు. ఆ డాక్టరు ఎందుకో తిరిగాడు. కాక కర్ర పై కొసతో రెండుసార్లు మెల్లగా తట్టి, "లోపల గట్టిగున్నది సారు. గానీ నిద్ర తక్కువైంది" అన్నాడు. డాక్టరు రెండు షిఫ్టులు వరసగా చేసి ఉన్నాడట. ఆనాటి నుంచి కాకకు అక్కడ లైను లేదు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వలేనివి వేరే ఉన్నాయి.

పోశం అనే మేస్త్రీ కట్టిన కొత్త ఇంట్లో గృహప్రవేశం. పంతులు వ్రతంలో మూడో కథ చెబుతున్నాడు. కాక వంటింటి గోడను కొట్టి, తల వాల్చి విని, "బయటికి నడువుండ్రి" అన్నాడు. నాలుగో కథ, ఐదో కథ పంతులు రోడ్డు మీద ఆగిన ఆటోలో కూర్చుని చెప్పాడు. ప్రసాదం ఎండలో పంచారు.

సంపత్ చెల్లెలి పెళ్లిలో ఇంకా ఘోరం. మూడు వరసల జనం ఆకుల ముందు కూర్చున్నారు. కాక వంటశాలలోకి పోయి పప్పు వండిన పెద్ద గంజును కర్రతో కొట్టాడు. అంతే, విస్తళ్ల ముందునుంచి అందర్నీ లేపాడు. "మేం పెండ్లికొచ్చినమా, బాయిల దిగినమా?" అని పెళ్లికొడుకు మేనమామ లేచాడు. కాక వంటశాల గుమ్మంలో స్టూలు వేసుకుని, కర్ర అడ్డంగా పెట్టుకుని అరగంట కూర్చున్నాడు. తర్వాత అందరూ తిన్నారు, బాగానే ఉంది. ఏమైందో ఎవరికీ తెలియలేదు. సంపత్ మాత్రం ఆ అరగంటను మనసులో పెట్టుకున్నాడు.

ఈ సంపత్‌ది స్పేర్ పార్టుల దుకాణం. దానికి ఎదురుగానే జైపాల్ కార్లు బాగుచేసే షెడ్డు. సంపత్ చెవిన ఒక మాట వేస్తే మంచిర్యాలకు ఫోన్ చేసినట్టే. మంచిర్యాలలోనే జైపాల్ పదకొండేళ్లు ఒక ఉస్తాద్ గ్యారేజీలో పనిచేశాడు. సొంతంగా షెడ్డు వేసుకుంటానని చెప్పినప్పుడు ఉస్తాద్ నవ్వాడు. "పానా తిప్పుడు వేరు, ఇంజను కట్టుడు వేరు బిడ్డా. ఆర్నెల్లల్ల మల్ల నా గేటు కాడనే నిలబడ్తవు."

ఐదు నెలలు గడిచాయి. ఆయిల్ మార్చడం, బ్రేకులు బిగించడం తప్ప ఇంజను పని ఒక్కటీ రాలేదు. అప్పుడొచ్చాడు మంథని నుంచి వామనరావు మాస్టారు. పదో తరగతిలో జైపాల్‌కు లెక్కలు చెప్పి, ముప్ఫై ఎనిమిది మార్కులు వేసి గట్టెక్కించిన మనిషి. ఆయనది పంతొమ్మిదేళ్ల కారు. వెనక నుంచి పొగ చూస్తే కార్ఖానా నడుస్తున్నట్టుండేది. "ఇంజను మొత్తం విప్పి మళ్లీ కట్టవయ్యా. నీ చేతిలో పెడుతున్నాను" అని తాళాలు ఇచ్చి బస్సెక్కాడు.

జైపాల్ పదహారు రోజులు ఆ ఇంజనుతోనే కాపురం చేశాడు. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు, కొత్త బేరింగులు. అతని మనసులో లెక్క తేలికే. ఈ ఇంజను నిలబడితే షెడ్డు నిలబడుతుంది. లేకపోతే ఉస్తాద్ గేటు.

గురువారం సాయంత్రం స్టార్ట్ చేశాడు. ఒక్క చాబీకే అందుకుంది. పొగ లేదు. కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. ఇంజను వేడెక్కి, కాస్త రేస్ ఇవ్వగానే లోపల ఎవరో గోటితో రేకును కొట్టినట్టు మొదలైంది. టక్, టక్, టక్.

శుక్రవారమంతా వెతికాడు. టాపెట్లు మళ్లీ సరిచేశాడు. ఆయిల్ మార్చాడు. ఒక్కో ప్లగ్గు వైరు పీకి చూశాడు. బేరింగైతే బరువు తగ్గి చప్పుడు మారాలి. మారలేదు. ఇంజను నిలిపే రబ్బర్లు కూడా బిగించాడు. టక్, టక్.

శనివారం పొద్దున పది గంటలకు మాస్టారు, ఆయన భార్య అహల్యమ్మ కారు తీసుకుపోవడానికి బస్సు దిగారు. రాత్రి షిఫ్టు దిగిన నలుగురు చాయ్ గ్లాసులతో వచ్చి నిలబడ్డారు. సంపత్ దుకాణం వదిలి వచ్చాడు.

"ఏమయ్యా జైపాల్, లోపల ఎవరో వడ్రంగం చేస్తున్నట్టుందే" అన్నాడు మాస్టారు.

"అప్పుడు పొగ ఉండేది, చప్పుడు లేదు. ఇప్పుడు చప్పుడు ఉంది, పొగ లేదు" అంది అహల్యమ్మ. "రెండిట్లో ఏది కావాలో తేల్చుకోమంటున్నాడేమో."

చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక రోగం చెప్పారు. ఒకడు టాపెట్ అన్నాడు. ఒకడు పెట్రోలు కల్తీ అన్నాడు. సంపత్ ఏ రోగమూ చెప్పలేదు, నేరుగా మందే చెప్పాడు. "సారు, మంచిర్యాల ఉస్తాద్‌కు ఫోన్ చెయ్యమంటరా? తాడు కట్టి గుంజుకపోతరు. జైపాల్ అన్నకు గుడ ఫికర్ తప్పుతది."

జైపాల్ మళ్లీ ఇంజను మీదికి వంగాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి షెడ్డు రేకుల మీద కర్ర చప్పుడు వినబడింది.

"వచ్చిండు" అన్నాడు సంపత్.

కాక ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా కారు దగ్గరికి పోయాడు. కర్ర పొన్ను ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకు పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. కింద పెట్టి విన్నాడు, పక్కన విన్నాడు, పైన నాలుగు సిలిండర్ల మీద ఒక్కో చోట విన్నాడు. మూడో దాని మీద కర్ర ఆగింది. గదిని అర్ర అన్నట్టే కాకకు సిలిండరూ అర్రే.

"రేస్ ఇయ్యి."

జైపాల్ ఇచ్చాడు.

"బేరింగ్ గాదు బిడ్డా. బేరింగైతే కింద బొదబొదమంటది. ఇది పైన, మూడో అర్రల. లోపల ఒకటి పోయి ఇంకోదాన్ని తాకుతున్నది. గట్టిగ గాదు, మెల్లగ." కర్ర దించాడు. "బంద్ చెయ్యి. గిట్లనే రోడ్డెక్కిస్తే మంథని చేరదు, లోపలిదంతా పిండైతది." ఆపైన అందరివైపూ తిరిగాడు. "బయటికి నడువుండ్రి."

"నా కారు దగ్గర నుంచి నేనెందుకు పోవాలయ్యా?" అన్నాడు మాస్టారు.

"కారు మీదే సారు. కప్పు బాగలేదు."

"ఏ కప్పు? పైన ఉన్నవి రేకులే కదా."

కాక కర్ర ఎత్తి రేకును కొట్టి విన్నాడు. "ఇవి గుడ అంతంతే."

"నడవండి" అంది అహల్యమ్మ. "ఆయన చేతిలో కర్ర ఉంది. మీ చేతిలో సంచే ఉంది."

సంపత్ కదలలేదు. "మా పెండ్లిల గిట్లనే లేపినవు కాకా. ఇయ్యాల నేను పోను."

"పోకు. నీ నెత్తి గట్టిగున్నదో లేదో చూసినంక ఉందువు తీ" అని కాక కర్ర ఎత్తాడు. సంపత్ నడిచాడు.

షెడ్డు ముందు అడ్డంగా తాడు కట్టేశాడు కాక. తరిమిన జనాన్ని తన ఇంటికే పంపాడు. అక్కడ కాక భార్య మల్లక్క అప్పటికే పెద్ద గిన్నెలో చాయ్ మరిగిస్తోంది. "రాండ్రి అమ్మా, కూసోండ్రి. ఈయన ఎవలనో ఒకలను తరుముతనే ఉంటడు, నేను పొయ్యి ఆర్పనే ఆర్ప" అంది అహల్యమ్మతో.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. జైపాల్ ప్లగ్గులు తీసి, ఇంజను ముందుండే పుల్లీ చక్రానికి పానా వేసి దాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. కాక కర్ర చెవికి పెట్టి ఉన్నాడు. "ఇగో, ఇప్పుడు" అన్నాడు. జైపాల్ చక్రం మీద సుద్దతో గీత పెట్టాడు. ఒక చుట్టు తిరిగింది. గీత వచ్చింది, చప్పుడు రాలేదు. రెండో చుట్టులో మళ్లీ గీత దగ్గర, "ఇగో."

"రెండు చుట్లకు ఒక్కసారి" అన్నాడు జైపాల్. చెయ్యి ఆగిపోయింది. రెండు చుట్లకు ఒక్కసారి తెరుచుకునేది వాల్వు. అది కిందికి దిగినప్పుడు, పైకి వచ్చే పిస్టన్‌ను తాకుతోంది. రెండూ ఎప్పుడూ కలవకూడనివి. "కాకా, హెడ్ ఇప్పాలె."

"ఇప్పు." కాక పోయి గుమ్మంలో స్టూలు వేసుకున్నాడు. ముఖం రోడ్డు వైపు, వీపు ఇంజను వైపు.

సిలిండర్ల మీద మూతలా ఉండే ఆ హెడ్ లేపేసరికి పన్నెండు దాటింది. జైపాల్ గుడ్డతో తుడిచి చూశాడు. పిస్టన్ నెత్తిన, వాల్వు వచ్చే చోట తగలకుండా అర్ధచంద్రంలా ఒక గుంట ఉంటుంది. నాలుగింట్లో మూడు గుంటలు వాల్వుల వైపే ఉన్నాయి. మూడో పిస్టన్ గుంట అవతలి వైపు మొహం పెట్టి ఉంది. గుంట లేని చదునైన చోట గోరంత మెరుపు. వాల్వు ముద్దుపెట్టిన జాగా.

పిస్టన్ తిరగబడింది. తిప్పి పెట్టింది తనే.

ఎప్పుడన్నది కూడా గుర్తొచ్చింది. మంగళవారం మధ్యాహ్నం, ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ గనిలో పేలుడుకు ముందు సైరన్ మోగినప్పుడు. ఆ సైరన్‌కు ఊళ్లో ఆడవాళ్లు గూట్లో గ్లాసులు పట్టుకుంటారు, మంగలి కత్తి ఆపుతాడు. జైపాల్ చేతిలో మూడో పిస్టన్ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, కొత్త వాల్వులు కిందపడకుండా అలమర పట్టుకుని నిలబడ్డాడు. భూమి ఒకసారి ఊగింది. తిరిగి వచ్చి పిస్టన్ అందుకుని దించేశాడు. పిస్టన్ ఎటు తిరిగి ఉండాలో చెప్పే బాణం గుర్తు చూసుకోలేదు. పదకొండేళ్ల అనుభవం, ఒక్క అదురుకు పోయింది.

"కాకా."

"ఆఁ."

"దొరికింది."

"దొరికితే సరిచెయ్యి."

"ఏందో అడుగవా?"

"నాకెందుకురా?"

"తప్పు నాదే కాకా. పిస్టన్ తిరగేసి పెట్టిన."

కాక వెనక్కి తిరగలేదు. "నేనడిగిన్నా?" అన్నాడు. మళ్లీ ఆయనే అందుకున్నాడు. "నేను బాయిల కొత్తగ దిగినప్పుడు పైకప్పు కింద ఒక గుంజ వంకర నిలబెట్టిన. అప్పటి సర్దార్ వచ్చి కర్రతోని కొట్టి చూసిండు. ఇరవై మంది ఉన్నరక్కడ. ఎవడు పెట్టిండని అడుగలే. అందర్ని బయటికి తోలి, నన్నొక్కన్నే ఉండుమన్నడు. సరిగ నిలబెట్టిన. ఏమైందని మీదికి పోయినంక అడిగితే, పైకప్పు బాగలేకుండె అన్నడు. గంతే. ఇరవై మంది ముంగట నా పేరు తీస్తే, తెల్లారి నేను డ్యూటీకి పోకపోదును బిడ్డా. పైకప్పునైతే ఎంతన్నా అనొచ్చు. అది నాగా పెట్టదు."

జైపాల్‌కు సంపత్ చెల్లెలి పెళ్లి గుర్తొచ్చింది. ఆ రోజు వంట చేసింది ఐలవ్వ అనే వంటామె. అది ఆమె పట్టిన మొదటి పెద్ద వంట.

"కాకా, సంపత్ చెల్లె పెండ్లిల పప్పు మాడిందా?"

"ఏ పప్పు?"

"పోశం కట్టిన గోడ?"

"వయసు మీద వడ్డదిరా. ఏది యాదికుంటలేదు."

నిరుటి పుచ్చకాయను వరసతో సహా గుర్తుపెట్టుకున్న మనిషికి ఉన్నట్టుండి మతిమరుపు కమ్మింది.

జైపాల్ పానా అందుకున్నాడు. కింది చాంబర్ విప్పాడు, పిస్టన్ బయటికి తీశాడు, బాణం ముందుకు తిప్పి కూర్చోబెట్టాడు. వాల్వు వంగిందేమోనని కిరసనాయిలు పోసి చూశాడు. చుక్క కారలేదు. హెడ్ కింద వేసే కొత్త గ్యాస్కెట్ కోసం కాక రోడ్డు దాటి సంపత్‌ను పట్టుకున్నాడు.

"హెడ్ ఇప్పిన్రా? ఏమైంది లోపల?"

"కప్పు."

"ఇంజనుకు కప్పేంది కాకా?"

"అందుకే నిన్ను బయటికి పంపింది."

మూసేముందు జైపాల్‌కు ఇంకొక్క పరీక్ష మిగిలింది. ఈసారి నమ్మకం కాదు, కొలత కావాలి. "కొంచెం పిండి ముద్ద కావాలె కాకా" అన్నాడు. మల్లక్క జొన్నపిండి పంపింది, అది విరిగిపోయింది. రెండోసారి అడిగితే కాల్చిన రొట్టె పంపింది, కూర కూడా పెట్టి. మూడోసారి అహల్యమ్మ కొంగు దోపి, గోధుమపిండిని నూనె వేసి తనే తడిపింది. "పంతొమ్మిదేళ్లలో ఆ కారుకు నేను చేసిపెట్టిన మొదటి టిఫిను" అంది.

ఆ ముద్దను పిస్టన్ల నెత్తిన పరిచి, హెడ్ పెట్టి బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ విప్పాడు. ప్రతి ముద్ద మీదా వాల్వు అచ్చు పడింది. బ్లేడుతో కోసి చూస్తే, వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య మిగిలిన పిండి ఎక్కడా అగ్గిపుల్ల మందానికి తగ్గలేదు. మూడోది కూడా.

నాలుగున్నరకు చాబీ తిప్పాడు. తాడు అవతల సగం బజారు నిలబడి ఉంది. ఇంజను వేడెక్కింది. రేస్ ఇచ్చాడు. ఇంకా ఇచ్చాడు. ఎక్కడా గోరు చప్పుడు లేదు. పట్టు చీర మడత విప్పినట్టు ఒక్కటే మోత. కాక నాలుగు అర్రల మీదా కర్ర పెట్టి విని, పోయి తాడు విప్పాడు. రాత్రి షిఫ్టు నలుగురూ ఈలలు వేశారు. ఇంటికి పోయి పడుకోవలసిన వాళ్లు, పొద్దుటి నుంచి అక్కడే ఉన్నారు.

"ఏమిటయ్యా తప్పు?" అన్నాడు మాస్టారు.

"పైకప్పు" అన్నాడు కాక.

"నాది సార్" అన్నాడు జైపాల్. "ఒక పిస్టన్ తిరగేసి పెట్టిన. సరిచేసిన. మీ చేతులతోని కొలిచి చూసుకోండ్రి." పిండి ముక్కలు అరచేతిలో పెట్టి చూపించాడు. సంపత్ కూడా వింటున్నాడు. వింటే విననీ అనుకున్నాడు.

కాక తలపట్టుకున్నాడు. "పొద్దటి సంది తాడు పట్టుకొని కూసుంటి. ఆఖరికి నువ్వే చెప్పుకుంటివా?"

మాస్టారు పిండి ముక్కను కళ్లజోడు పైకెత్తి చూశాడు. "తప్పు కొట్టేసి పక్కన సరైంది రాసినవాడికి నేను ఎప్పుడూ మార్కులు కోయలేదు" అన్నాడు. "ఎక్కు. మంచిర్యాల దాకా పోయి వద్దాం. మీరూ ఎక్కండి బిక్షంగారూ."

గోదావరి వంతెన మీద స్పీడు ముల్లు ఎనభై దాటింది. అహల్యమ్మ అద్దం దించి, "ఇప్పుడు మీకు చప్పుడు లేదు కాబట్టి నా మాటలు వినబడతాయి" అంది. మాస్టారు ఇంకాస్త రేస్ ఇచ్చాడు. మంచిర్యాలలో ఎవరూ చెప్పకుండానే, బోర్డు చూసి కారు ఉస్తాద్ గ్యారేజీ ముందు ఆపాడు. "ఇక్కడేనా నువ్వు పనిచేసింది?"

ఉస్తాద్ బయటికి వచ్చాడు. జైపాల్‌ను చూశాడు, నవ్వబోయాడు, ఇంజను విని ఆగాడు. బానెట్ ఎత్తమన్నాడు. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, నడుస్తున్న ఇంజను మీద అంచు మీద నిలబెట్టాడు. బిళ్ల నిలబడింది. గ్యారేజీలో పానాలన్నీ ఆగిపోయాయి. ఉస్తాద్ బిళ్ల తీసి, రెండోసారి పెట్టాడు. మళ్లీ నిలబడింది.

"ఎవలు కట్టిన్రు?"

"మా జైపాల్" అన్నాడు మాస్టారు.

ఉస్తాద్ లోపలికి పోయి, గిరాకీలు కూర్చునే కుర్చీ తనే ఎత్తుకొచ్చి జైపాల్ ముందు వేశాడు. "కూసో" అన్నాడు. పదకొండేళ్లు పనిచేసిన ఆ గ్యారేజీలో జైపాల్ కుర్చీ మీద కూర్చోవడం అదే మొదటిసారి. ఉస్తాద్ చాయ్ చెప్పాడు. ఆ తర్వాత వెనక సీటు వైపు చూశాడు.

"ఆ కర్ర పట్టుకున్న పెద్దమనిషి ఎవలు?"

"నేనా?" అన్నాడు బిక్షం కాక. "నేను ఊకనే వచ్చిన సేట్. కార్ల కూసోబుద్ధైంది."